రామప్ప ఎరుపు బాగుంది, పైన బిగించిన అద్దమే దండగ

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ఫ్రేముల షాపులో రామప్ప మీద వేసిన అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ కొన్నాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, కాన్వాస్ మీద అక్రిలిక్, ఫ్రేముతో కలిపి 7,500. నెల రోజులు గోడ మీద చూశాక రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇందులో గుడి కనపడదు. నంది లేదు, మదనిక (నాట్యకత్తె శిల్పం) లేదు. ఇంటికి తేగానే మా అమ్మ "ఇందులో గుడేదిరా?" అంది. తెలంగాణ బొమ్మ అంటే మా ఇంట్లో తోట వైకుంఠం గారి పెద్ద బొట్టు ఆడవాళ్లే, అమ్మను అని లాభం లేదు. ఉన్నదల్లా సగానికి పైగా ఎరుపు, ఇటుక రంగుకీ గులాబీకీ మధ్యది, దాని మీద అడ్డంగా నాలుగు నల్ల చారలు, అడుగున చెరువేమో అనిపించే ఆకుపచ్చ.

కానీ రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్లొచ్చినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. 1213 నాటి ఆ గుడి ఎర్ర ఇసుకరాయి, చూరు కింద మదనికలు మాత్రం నున్నగా చెక్కిన నల్లరాయి. ఎండ పడితే ఎరుపు దాన్ని తాగేస్తుంది, నలుపేమో మెరుస్తుంది. వేసినాయన సరిగ్గా అదే పట్టుకున్నాడు, చారలకి మెరిసే వార్నిష్ కొట్టి ఎరుపుని మట్టిగోడలా మెరుపు లేకుండా వదిలేశాడు. దగ్గరికెళ్తే ఎరుపు కింద పసుపు పొర, అది బయటపడేలా కత్తితో గీకిన గీతలు కూడా కనిపిస్తాయి.

ఇంత పనిని షాపువాళ్లు అద్దం వేసి మూసేశారు, అదీ నన్ను అడక్కుండా! కాన్వాస్ మీద అక్రిలిక్‌కి మామూలుగా అద్దం అక్కర్లేదు. మా హాల్లో తెల్ల ట్యూబ్‌లైట్ కింద వేలాడదీస్తే అందులో ట్యూబ్‌లైటూ ఫ్యానూ నా మొహమూ కనిపించాయి, ఎరుపేమో ఎండిన టీ మరకలా తయారైంది. డబ్బులు పోయాయనే అనుకున్నా. తీయమని వెళ్తే ఇంకో 300 అడిగారు, తీసేటప్పుడు ఫ్రేము మూల కూడా చిట్లింది.

ఇప్పుడు తూర్పు కిటికీ పక్క గోడకి పెట్టాను. పొద్దున ఏడు దాటాక వెలుతురు పక్కనుంచి పడి కత్తిగీతలు ఒక్కొక్కటే తేలతాయి. రాత్రికి పసుపు బల్బు వేస్తే చాలు. రోజంతా నేరుగా ఎండ కొట్టే గోడకి మాత్రం పెట్టకండి.

బొమ్మకి నాలుగున్నర స్టార్లు, షాపుకి రెండు. కొనేవాళ్లు "అద్దం వద్దు" అని బిల్లు మీదే రాయించుకోండి.