బావమరిది పికప్పా, ఫ్లాట్‌బెడ్ లారీనా?

బెంగళూరు మారతహళ్లి షెడ్డులో మూలబడ్డ నాన్న అంబాసడర్‌ని చిత్తూరు చేర్చాలి. "నా వీ-క్రాస్ పికప్ ఉందిగా బావా, ట్రెయిలర్ తగిలించి లాక్కెళ్దాం" అన్నాడు బావమరిది.

ఇంజన్‌కు అంత సత్తా ఉందనే అనుకుందాం. కారు టన్నుకు పైనే, ట్రెయిలర్‌తో కలిపితే రెండు టన్నుల దాకా తేలుతుంది. అసలు టెన్షన్ ఆపడంలో ఉంది. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఆ బరువంతా వెనకనుంచి నెడుతుంది. ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి, లో గేర్‌లోనే దిగాలి. ఇంకోటి, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడేలా కారును నిలపాలి. కారు మరీ వెనక్కి జరిగితే స్పీడులో ట్రెయిలర్ తోకలా ఊగుతుంది, ఒక్కోసారి పికప్‌నే తిప్పేస్తుంది. అంబాసడర్‌కు ఇంజన్ ముందుంటుంది కాబట్టి ముందుమొహంగా ఎక్కిస్తే కొంత నయం. రివర్స్ సంగతి చెప్పక్కర్లేదు: స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రెయిలర్ దానికి ఎదురు పోతుంది. మా సందులో అది జరిగే పని కాదు. పైగా చట్టం లెక్కన ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఫ్లాట్‌బెడ్‌లో, అంటే వెనక చదును బల్ల ఉన్న లారీలో, ఈ గొడవలేవీ లేవు. విన్చ్‌తో (తాడు చుట్టి లాగే మిషన్) కారును పైకి లాగి, నాలుగు చక్రాలకూ బెల్టులు బిగిస్తారు. డబ్బు ఒక్కటే బాధ, అదీ ఖాళీగా తిరిగొచ్చే కిరాయి కూడా మన నెత్తినే.

పికప్ రోజూ ట్రెయిలర్ లాగే చేతుల్లో ఉంటే నేనూ సరే అనేవాణ్ణి. మావాడు ఇంతవరకు లాగింది పెళ్లి సామానే. లారీకి అడ్వాన్స్ ఇచ్చేశాను. వాడు అలిగాడు గానీ, స్టెప్నీ, జాకీ వేసుకుని వెనకాలే వస్తానన్నాడు.