సర్వర్ మాదే, అందులో ఏముందో మాకే కనపడదు: ప్రైవేట్‌బిన్ వాడి చూశాక

మాది పాలకొల్లండి. ఇక్కడ ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్ గారి ఆఫీసులో కంప్యూటర్ల పనంతా నేనే చూస్తాను. మా పార్టీల్లో రైసు మిల్లులు, కొబ్బరి వ్యాపారులు, రొయ్యల మేత డీలర్లు, లారీల వాళ్లు ఉన్నారు. నెలనెలా 11వ తారీఖుకి జీఎస్‌టీఆర్ 1, 20వ తారీఖుకి 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులు వెయ్యాలి. ఆ రోజుల్లో పోర్టల్ పాస్‌వర్డులు, ఈవే బిల్లు యూజర్ ఐడీలు వాట్సాప్‌లో కుప్పలుగా వచ్చి పడతాయి. వాట్సాప్ మెసేజీని దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. చేరిన తర్వాతే భయం. షావుకారు గారి ఫోను పొద్దున గుమాస్తా దగ్గర, సాయంత్రం మనవడి దగ్గర, పాడైతే రిపేరు కొట్లో ఉంటుంది. రెండేళ్ల కిందటి పాస్‌వర్డు కూడా పైకి జరిపితే అలాగే కనపడుతుంది.

అందుకే మా ఆఫీసు కోసం ప్రైవేట్‌బిన్ పెట్టాను. 2012లో సెబాస్టియన్ సోవాజ్ అనే ఫ్రెంచాయన రాసిన జీరోబిన్‌ నుంచి చీలి పెరిగిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పేజీ తెరిచి సంగతి టైపు చేసి పంపే బటన్ నొక్కితే ఒక లింకు ఇస్తుంది. ఆ లింకు అవతలివాళ్లకి పంపితే చాలు.

నాకు బాగా నచ్చింది దీని లోపలి పద్ధతి. టైపు చేసింది మన బ్రౌజర్‌లోనే 256 బిట్ ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతితో తాళం పడి, ఆ తర్వాతే సర్వర్‌కి వెళ్తుంది. తాళంచెవి లింకు చివర, హ్యాష్ (#) గుర్తు తర్వాత ఉంటుంది. హ్యాష్ తర్వాతి భాగాన్ని ఏ బ్రౌజరూ సర్వర్‌కి పంపదు. మా సర్వర్ లాగ్ తీసి చూస్తే ఏ ఐడీ పేజీని ఎప్పుడు అడిగారో ఉంటుంది గానీ తాళంచెవి ముక్క ఒక్కటీ ఉండదు. డేటా ఫోల్డర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని అక్షరాలే. మా చిన్న ఊళ్లో ఇది ఎంత ముఖ్యమో బయటివాళ్లకి తెలియకపోవచ్చు. ఒక మిల్లు వాళ్ల లెక్కలు పక్క మిల్లు వాళ్లకి తెలిశాయంటే మొదటి అనుమానం మా ఆఫీసు మీదే. "మీరు పెట్టింది నేను చదవనండి" అంటే అది మాట మాత్రమే. "చదవాలన్నా నా వల్ల కాదండి" అనడానికి ఇప్పుడు నా దగ్గర ఆధారం ఉంది.

ఒకటి మాత్రం దాచకూడదు. ఆ తాళం వేసే జావాస్క్రిప్ట్ కోడ్‌ని బ్రౌజర్‌కి ఇచ్చేది సర్వరే కదా. సర్వర్ నడిపేవాళ్లకి దురుద్దేశం ఉంటే ఆ కోడ్ మార్చేయొచ్చు. ప్రైవేట్‌బిన్ చేసినవాళ్లే ఈ సంగతి తమ పేజీలో రాసి పెట్టారు. అందుకే ఎవరో ఉచితంగా పెట్టిన సర్వర్‌ని నమ్మే బదులు సొంతంగా పెట్టుకోవడం మేలని నేను అంటాను.

పెట్టడం కష్టమేం కాదు. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని దానికి కావలసినవాటితో కలిపి కంటైనర్ అనే పెట్టెలో నడిపే పనిముట్టు) తెలిస్తే సాయంత్రం కూర్చుని లేచేలోపు అయిపోతుంది. వాళ్ల అధికారిక ఇమేజ్‌లో, అంటే ఆ పెట్టెకి తయారుగా ఇచ్చిన మూటలో, ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, కోడ్ నడిపే పీహెచ్‌పీ రెండూ ఉన్నాయి, కంటైనర్ 8080 పోర్టు మీద వింటుంది. డేటాబేస్ అక్కర్లేదు, ఫైళ్లలోనే దాచుకుంటుంది. ఇలాంటి పనే చేసే యోపాస్ కూడా చూశాను, మంచిదే, కానీ దానికి పక్కన డేటా దాచే మెమ్‌క్యాష్డో రెడిసో ఇంకో ప్రోగ్రామ్ నడవాలి. కంటైనర్‌ని రీడ్ ఓన్లీగా నడపొచ్చు, నేను అలాగే నడుపుతున్నాను. డేటా ఫోల్డర్ యజమాని యూజర్ నంబరు 65534, గ్రూపు నంబరు 82 అయ్యుండాలి. అది చెయ్యకపోతే పేజీ చక్కగా తెరుచుకుంటుంది గానీ సేవ్ కాదు.

హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి. లోకల్ నెట్‌వర్క్‌లో ఐపీ నంబరు కొట్టి వాడుకుందామంటే బ్రౌజర్ తాళం వేసే పనిముట్లనే ఇవ్వదు. ఇంట్లో మెషీన్ మీద పెట్టాలనే ఉండేది. కానీ మాకొచ్చే నెట్ కనెక్షన్‌కి బయటివాళ్లు చేరగలిగే సొంత పబ్లిక్ ఐపీ లేదు. పైగా తుఫాను హెచ్చరిక వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకని 1 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని, ప్రైవేట్‌బిన్‌కి ముందు కాడీ అనే వెబ్ సర్వర్ పెట్టాను. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం, గడువు తీరేలోపు మార్చుకోవడం అదే చూసుకుంటుంది.

కాడీ లాంటిది ముందు పెట్టినవాళ్లు ప్రైవేట్‌బిన్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) ఒక లైను తప్పక చూడాలి. ఒక్కో ఐపీ నుంచి రెండు పోస్టుల మధ్య 10 సెకన్లు ఆగాలని మామూలు నియమం. వాడేవాళ్ల అసలు ఐపీ ఏ హెడర్‌లో (కాడీ జతచేసి పంపే సమాచారంలో) వస్తుందో ఆ లైనులో చెప్పకపోతే అందరూ కాడీ ఐపీ నుంచే వస్తున్నట్టు లెక్క. 20వ తారీఖు సాయంత్రం ఒకరు పంపుతుంటే ఇంకొకరికి ఆగమని వస్తుంది.

నేను మార్చినవి ఇంకొన్ని. "ఎప్పటికీ" అనే గడువు తీసేశాను, వారం, నెల, ఏడాది కూడా తీసేశాను. మా దగ్గర ఎక్కువలో ఎక్కువ ఒక రోజే. ఒకసారి చదవగానే చెరిగిపోయే టిక్కు ముందే పడి ఉండేలా పెట్టాను, చర్చ పెట్టే సదుపాయం ఆపేశాను. పేజీ పైన తెలుగులో ఒక సూచన రాశాను, దానికి కాన్ఫిగ్‌లో చోటుంది. ఫలానా ఐపీల వాళ్లే కొత్తవి పెట్టగలిగేలా కట్టడి చేసే వీలుంది గానీ మా పార్టీలంతా మొబైల్ నెట్ మీద వస్తారు, వాళ్ల ఐపీ పూటకో రకం. తలుపు తెరిచి ఉంచక తప్పలేదు. తెరిచిన తలుపులోంచి ఎవరు ఏం పడేసి వెళ్లినా నాకు కనపడదు కాబట్టే గడువు ఇంత పొట్టిగా ఉంచాను.

బ్యాకప్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. డేటా ఫోల్డర్‌కి బ్యాకప్ తియ్యకండి. చెరిగిపోయిందనుకున్న ఫైలు బ్యాకప్‌లో మిగిలి, దాని లింకు ఎవరి వాట్సాప్‌లోనో ఉంటే, రెండూ కలిపి తెరవొచ్చు. అద్దె సర్వర్లలో మొత్తం డిస్కుకి రోజూ స్నాప్‌షాట్ (నకలు) తీసే సదుపాయం ఉంటుంది, నేను దాన్ని ఆపేశాను. కాన్ఫిగ్ ఫైలు ఒక్కటే కాపీ ఉంచుకున్నాను. సర్వర్ పోతే ఆ రోజు పెట్టినవి పోతాయి, మళ్లీ పంపమంటాం, అంతే.

వాడేవాళ్ల సంగతి. ఒక మిల్లు యజమాని, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను, మొదట్లో ఫోను చేశారు.

"అమ్మాయ్, పొద్దున్న చూసిన లింకు ఇప్పుడు తెరిస్తే లేదంటోందేంటి?"

"ఒక్కసారే కనపడుతుంది బాబాయ్ గారూ. చూపించే ముందు అదే అడుగుతుంది, ఇప్పుడు చూస్తారా అని."

"ఆయ్, అడిగిందిలే. మరి నేను రాసుకోలేదే!"

"ఇంకోటి పంపిస్తానండి, పుస్తకంలో రాసుకోండి."

ఇది లోపమంటారా? నేననను. ఆయన రెండోసారి తెరవలేకపోయారంటే రిపేరు కొట్టువాడూ తెరవలేడు. అయితే మొదట తెరిచినవాడిదే అది, లింకులోనే తాళంచెవి ఉంది కాబట్టి. బ్యాంకు వివరాల లాంటివైతే లింకుకి పాస్‌వర్డు కూడా పెట్టి, ఆ పాస్‌వర్డు ఫోనులో నోటితో చెప్పమంటాను. లింకు పొడుగ్గా ఉందని పొట్టి లింకులు చేసే సైట్లలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. తాళంచెవితో సహా ఆ సైటుకి ఇచ్చేసినట్టే, అది అస్సలు వద్దండి.

ఫైళ్లు పంపే సదుపాయం కూడా ఉంది, మామూలుగా ఆపి ఉంటుంది. నేను తెరవలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌లు పంపుకోవడానికే కావాలనుకునేవాళ్లు వేరేది చూసుకోండి, దీన్ని పాస్‌వర్డులకీ పొట్టి సంగతులకీ ఉంచుకోండి.