తికాల్ ఒక రోజు యాత్ర: గైడుకు నిండు మార్కులు, ఏర్పాట్లకు సగమే

హ్యూస్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, విశాఖపట్నంలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో మాయా అనే ప్రాచీన నాగరికతకు చెందిన తికాల్ నగర శిథిలాలకు ఒక రోజు యాత్ర తీసుకున్నాం. నేను, మా ఆవిడ, అబ్బాయి ముగ్గురం వెళ్ళాం. మన ఊరి నుంచి అటు వెళ్ళాలనుకునే వారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా లోపాలు చెబుతాను. పెతెన్ ఇత్సా సరస్సు మధ్యలోని ఫ్లోరెస్ అనే చిన్న ద్వీప పట్టణంలో మా బస. అక్కడి నుంచి తికాల్ సుమారు 65 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు రావలసిన వ్యాను ఆరుంబావుకు వచ్చింది. ఎండ ముదరకముందే అడవిలో ఉండాలన్నదే ఆ వేళ పెట్టడంలోని ఉద్దేశం కనుక, అక్కడే యాత్రలో మంచి భాగం పోయింది. ఏజెన్సీ ఇచ్చిన కాగితంలో అన్ని ఆలయాలూ ఎక్కవచ్చని రాసి ఉంది, కానీ దాదాపు 47 మీటర్ల ఎత్తున్న మొదటి ఆలయం మెట్లు ఎక్కడానికి అనుమతి లేదు. శాకాహారులమని రెండుసార్లు చెప్పినా మధ్యాహ్నం పొట్లాల్లో కోడిమాంసమే వచ్చింది. గేటు దగ్గరి భోజనశాలలో వేడి మొక్కజొన్న రొట్టెలు, నల్ల బీన్సు దొరకబట్టి ఆకలి తీరింది.

ఇంత జరిగినా ఆ రోజును మరచిపోలేకపోతున్నామంటే అది గైడు చలవే. ఆయన మమ్మల్ని తిన్నగా పెద్ద ఆలయాల దగ్గరికి తీసుకువెళ్ళకుండా, సెంట్రల్ అక్రోపోలిస్ అనే రాజభవనాల సముదాయం వెనుక చెట్లతో నిండిన ఒక లోతైన పల్లం అంచున నిలబెట్టి, ఇదేమిటో చెప్పమన్నారు. లోయ అనుకున్నాం. అది చెరువు. తికాల్‌కు నది లేదు, సున్నపురాతి నేలలో నీరు నిలవదు, వానలు ఆగిపోయే నెలలు చాలా ఉంటాయి. అందుకని మాయా ప్రజలు ముంగిళ్ళన్నిటికీ సున్నపు గచ్చు చేసి, వాటిని కొద్దిగా వాలుగా కట్టి, పడిన ప్రతి చినుకూ ఇలాంటి జలాశయాల్లోకి చేరేటట్టు చేశారు. ఒక జలాశయంలో క్వార్ట్జ్ ఇసుకతోనూ, జియోలైట్ అనే ఖనిజంతోనూ నీటిని వడకట్టిన ఆనవాళ్ళు ఉన్నాయని పరిశోధకులు 2020లో వెల్లడించారు.

ఆ మాట వినగానే మా ఇద్దరికీ తొట్లకొండ గుర్తుకు వచ్చింది. భీమిలి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ బౌద్ధారామంలో భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. తికాల్ అనే పేరుకు కూడా నీటిగుంట దగ్గర అనే అర్థం చెబుతారని గైడు అన్నప్పుడు మా ఆవిడ ఆనందానికి అంతు లేదు. వేసవిలో మేఘాద్రిగెడ్డ జలాశయం మట్టం ఎంత పడిపోయిందో పేపర్లో చూసి బెంగపడే మన ఊరివాళ్ళకు ఈ నీటి కథ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కథలో విషాదం కూడా ఉంది. రాజభవనం పక్కనున్న జలాశయాల అడుగు మట్టిలో పాదరసమూ, విషపు నాచు జాడలూ దొరికాయి. గోడలకు పూసిన ఇంగిలీకం అనే పాదరసపు ఎర్ర రంగు వానకు కొట్టుకువచ్చి నీళ్ళలో కలవడం అందుకు కారణం కావచ్చంటారు. తొమ్మిదో శతాబ్దంలో కరువులు వచ్చాయి. ఇక్కడ తేదీ చెక్కిన ఆఖరి శిలాస్తంభం 869 నాటిది. ఆ తరువాత కొంతకాలానికి నగరం ఖాళీ అయింది.

నాలుగో ఆలయం ఎత్తు దాదాపు 65 మీటర్లు. దాని పక్కన కట్టిన చెక్కమెట్ల మీదుగా పైకి వెళ్ళవచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మా ఆవిడ మూడుచోట్ల ఆగి ఎక్కింది. పైన కూర్చుంటే కనుచూపు మేర పచ్చని అడవి, అందులోంచి తలెత్తిన తెల్లని ఆలయ శిఖరాలు తప్ప మరేమీ కనిపించవు. ఎక్కడో పులి గర్జించినట్టు వినిపిస్తే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది హౌలర్ కోతుల అరుపు. లోహపు పనిముట్లు, బండి చక్రం, బరువులాగే పశువులు ఏవీ లేకుండా మనుషులు ఇంత ఎత్తు కట్టారన్న విషయం అక్కడ కూర్చున్నప్పుడే నాకు మనసుకు ఎక్కింది.

ఒంటిగంటకే వ్యాను బయలుదేరుతుందన్నారు కనుక మ్యూజియం చూడనే లేదు. సుమారు 576 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనంలో అయిదు గంటలు చాలవు. వెళ్ళేవారు పూర్తి చేతుల చొక్కా, దోమల మందు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు, తడిరాతి మీద జారని బూట్లు తప్పనిసరిగా తీసుకువెళ్ళాలి. బుకింగ్ చేసేటప్పుడు వ్యాను వేళనూ, తిరుగు ప్రయాణం వేళనూ, భోజనాన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. గైడు ఖర్చు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగ్గించుకోవద్దు. ఉద్యానవనం లోపలే కొన్ని బసలున్నాయి. మేము మరోసారి వెళితే ఒక రాత్రి అక్కడే ఉండి, తెల్లవారగానే మళ్ళీ ఆ చెరువు అంచుకే ముందు వెళతాం.