సాలిడ్ యాక్సిల్ వేయించి నాలుగేళ్ళు: అంతా బాగుంది, ఆ నాలుగు స్టడ్లు తప్ప

నా కోపం ఇరుసు మీద కాదు. ఇరుసు బంగారం. స్టీరింగ్ ఆర్మ్‌ని పట్టుకుని ఉండే నాలుగు స్టడ్ల (తల లేని బోల్టుల) మీద కోపం. ఒక్కోటి నా చిటికెన వేలంత కూడా ఉండదు.

బండి 1993 టొయోటా పికప్, 22ఆర్‌ఈ ఇంజను, మాన్యువల్ గేర్లు. మేముండేది అరిజోనాలో, చాండ్లర్. 2021 చలికాలంలో ముందున్న ఐఎఫ్ఎస్ (ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్) మొత్తం పీకించి 1985 నాటి పికప్‌ది సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు వేయించాను. అప్పట్నుంచి 19,000 మైళ్ళు తిరిగింది. అందులో సగానికి పైగా మామూలు రోడ్డే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అమెరికాలో అమ్మిన పికప్‌లకి టొయోటా 1985 వరకే ముందు సాలిడ్ యాక్సిల్ ఇచ్చింది. 1986 నుంచి టోర్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీల) ఐఎఫ్ఎస్ వచ్చింది. అందుకే 79 నుంచి 85 దాకా వచ్చిన బండ్ల ముందు ఇరుసుకి పాత సామాన్ల యార్డుల్లో ఇప్పటికీ గిరాకీ. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్ళు లారీల కింద పడుకుని పనిచేసిన మా నాన్నకి వీడియో కాల్‌లో ఈ ప్లాన్ చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే కంపెనీవాడు వేసిన కొత్త పద్ధతి తీసేసి పాత జీపు ఇరుసు, కమాన్ కట్టలు పెట్టించుకుంటావు. దానికి నువ్వే ఎదురు డబ్బులిస్తావు. అంతేగా?" అన్నాడు. అంతే నాన్నా అన్నాను.

ఎక్సెల్‌లో వేసుకున్న బడ్జెట్ 4,800 డాలర్లు. ఆ షీటు ఇంకా నా దగ్గరుంది. చూస్తే నవ్వొస్తుంది. అందులో ఇరుసుకి 500 రాసుకున్నాను. కొన్నది 700కి. అదేమంత తేడా కాదు. కానీ కొనేముందు నకిల్ (ఇరుసు చివర చక్రం పక్కకి తిరిగే కీలు) విప్పి చూడలేదు. ఇంటికి తెచ్చాక చూస్తే లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ ఆయిలు నకిల్‌లోకి దిగి, గ్రీజుతో కలిసి నల్లటి అంబలిలా తయారైంది. చెయ్యి పెడితే మోచేతి దాకా కారింది. సీళ్ళు, బేరింగులు, బర్‌ఫీల్డ్ జాయింట్ల (నకిల్ లోపల చక్రాన్ని తిప్పే కీళ్ళ) శుభ్రం, అన్నీ కలిపి ఇంకో 430. నకిల్ గుండు మీద తుప్పు తిన్న గుంటలున్నాయేమో కొనేముందే వేలితో తడిమి చూడండి. గుంటలుంటే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా గ్రీజు బయటికి వస్తూనే ఉంటుంది.

క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్‌లోని గేర్ల జత) దగ్గర ఇంకా పెద్ద పొరపాటు చేశాను. 31 అంగుళాల టైర్ల నుంచి 35కి వెళ్తున్నప్పుడు 4.10 రేషియోతో (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 4.10 చుట్లు తిరగాలి) ఈ ఇంజను ఎత్తు ఎక్కలేదు. 5.29 వేయించాలి. అది తెలుసు. ముందుకి వేయిస్తే వెనక్కి కూడా అదే రేషియో వేయించాలని కూడా తెలుసు. అయినా షీటులో సామానుకి రాసుకున్నాను గానీ రెండింటికీ సెట్టింగ్ కూలి రాసుకోలేదు. 1,100 అనుకున్నది 1,650 అయింది. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మార్చాల్సి వస్తుందని అసలు తట్టనే లేదు. అదో 420. టైర్లు ఎలాగూ కొనాల్సినవే కదా అని వాటిని లెక్కలోనే వేసుకోలేదు. మా ఆవిడ కార్డు బిల్లు చూసి "ఈ పందొమ్మిది వందలు దేనికి?" అంటే "టైర్లకి, అది వేరే ఖాతా" అన్నాను. వేరే ఖాతా ఏమిటో నాకూ తెలియదు.

మొత్తం మీద ఇప్పటికి 10,300 దాటింది. అందులో వెయ్యి దాకా, అంటే 990 డాలర్లు, కింద చెప్పబోయే ఒక్క ఆదివారం ఖాతాలోవి.

బాగున్నదేదో కూడా చెప్పాలి. ఫీనిక్స్‌కి ఉత్తరాన టేబుల్ మేసాలో రాళ్ళ వాగులున్నాయి. ఐఎఫ్ఎస్ ఉన్నప్పుడు అక్కడ ముందు చక్రం ఒకటి ఎప్పుడూ గాల్లో తిరుగుతూ ఉండేది. ఇప్పుడు కుడి చక్రం రాతి మీదకి ఎక్కితే ఎడమది తాపీగా కిందికి దిగి నేలని పట్టుకుంటుంది. మొదటిసారి అద్దం దించి తల బయటపెట్టి చూశాను. కమాన్ (లీఫ్ స్ప్రింగ్) పట్టీలు ఒకవైపు నిటారుగా సాగిపోయి, ఇంకోవైపు బాగా వంగి ఉన్నాయి. బండి మాత్రం దాదాపు సమంగా నిలబడి ఉంది. ఆ రాత్రే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో "ఈ దేశం వచ్చాక పెట్టిన ఖర్చుల్లో బెస్ట్ ఇదే" అని రాసేశాను. ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది. అది చూసి ఇద్దరు నన్ను ఫోన్ చేసి అడిగారు. ఒకతను చేయించుకున్నాడు కూడా. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాననుకోండి.

ఇక స్టీరింగ్. ఇలా మార్చినప్పుడు చాలామంది చేసేదే నేనూ చేశాను. ఐఎఫ్ఎస్ బండితో వచ్చిన స్టీరింగ్ బాక్సునే ఛాసిస్ మీద ముందుకి జరిపి, అక్కడి నుంచి డ్రాగ్ లింకు అనే రాడ్డు కుడి చక్రం వైపు వెళ్ళేలా పెట్టడం. రెండు నకిళ్ళ నెత్తిన పొడవాటి స్టీరింగ్ ఆర్ములు వస్తాయి. రాడ్లన్నీ కమాన్ల పైనుంచి పోతాయి కాబట్టి రాళ్ళకి తగలవు. ఇదంతా మంచిదే. చిక్కేమిటంటే, కుడి ఆర్ము మీద రెండు చక్రాల్నీ తిప్పే భారం పడుతుంది. 35 అంగుళాల టైరు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నప్పుడు మనం స్టీరింగ్ తిప్పితే, ఆ తోపు అంతా వెళ్ళేది ఆ నాలుగు స్టడ్ల మీదికే. ఆర్ము కాస్త వదులైతే చాలు, నాలుగూ కలిసి మోయాల్సిన బరువు ఒక్కో స్టడ్ మీద పడి దాన్ని అటూ ఇటూ వంచుతుంది.

2023 మార్చిలో ఒక ఆదివారం. టేబుల్ మేసాలో దిగుతుంటే స్టీరింగ్ ఎడమకి తిప్పినప్పుడల్లా టక్ మని ఒక చప్పుడు. చిన్న చప్పుడే. స్టీరింగ్ షాఫ్టు జాయింటు అరిగిందేమో, ఇంటికెళ్ళి చూద్దాం అనుకున్నాను. మధ్యాహ్నానికి స్టీరింగ్‌లో ఆట (చక్రాలు కదలకుండా ఊరికే తిరిగే మేర) రెండు అంగుళాలైంది. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డు చివరి కీలు) పోయిందనుకున్నాను. అప్పుడు కూడా ఆగలేదు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చిరాకు.

రాళ్ళలోంచి బయటికొచ్చి, హైవే ఎక్కేముందు టైర్లలో గాలి నింపుకునే చోట ఆగాం. వెనక బండిలోని స్నేహితుడు ముందు చక్రం దగ్గర కూర్చుని "ఒకసారి ఎడమకీ కుడికీ తిప్పు బావా" అన్నాడు. తిప్పాను. "ఆగు ఆగు ఆగు" అని అరిచాడు. దిగి చూశాను. అతను స్టీరింగ్ పట్టుకుని తిప్పుతుంటే ముందు ఆర్ము నకిల్ మీద జారుతోంది, ఆ తర్వాత తీరిగ్గా చక్రం తిరుగుతోంది. నాలుగు నట్లలో ఒకటి ఉన్నచోట ఖాళీ. రెండోదాన్ని వేళ్ళతో పట్టుకుంటే స్టడ్ ముక్కతో సహా చేతిలోకి వచ్చేసింది. మిగతా రెండూ వదులు.

ఆ ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది. విరిగిన చోట చూస్తే సగానికి పైగా నల్లగా, తుప్పు రంగులో ఉంది. మిగతాది కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే ఆ పగులు ఆ రోజు వచ్చింది కాదు. ఎన్నో వారాల కింద మొదలై మెల్లగా లోపలికి పాకింది. ఆ వారాలన్నీ నేను ఈ బండిలోనే పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్ళాను.

అక్కడి నుంచి ఐ-17 ఎక్కితే 75 మైళ్ళ వేగం. ఆ మిగిలిన రెండూ హైవే మీద పోయి ఉంటే స్టీరింగ్ చేతిలో తిరుగుతూనే ఉండేది, చక్రాలు మాత్రం వాటి ఇష్టం.

అవతల ఒకాయన దగ్గర స్పేర్ స్టడ్లున్నాయి. ఇస్తానన్నాడు. కానీ విరిగిన మొండెం నకిల్ లోపలే ఉండిపోయింది. దాన్ని అక్కడ బయటికి తీసే మార్గం లేదు. మా ఆవిడకి ఫోన్ చేస్తే "మనిషి బాగానే ఉన్నావా?" అని మాత్రం అడిగింది. ట్రైలర్ మీద ఇంటికి చేర్చడానికి 380. నకిల్ బాగు చేయించి, ఇంకా గట్టి ఉక్కుతో చేసిన స్టడ్లు, కొత్త కోన్ వాషర్లు (స్టడ్ చుట్టూ శంకువులా కూర్చుని ఆర్ముని కదలనివ్వనివి), మళ్ళీ అలైన్‌మెంట్, ఇవన్నీ 610.

కారణం? విప్పినప్పుడు ఆర్ము అడుగున, నకిల్ మీద గ్రీజు పొర కనిపించింది. ఆర్ములు బిగించిన షాపువాళ్ళు ఆ రెండు ముఖాల్నీ పొడిగా తుడిచి బిగించాల్సింది. తుడవలేదు. కోన్ వాషర్లు కూడా సరిగ్గా కూర్చోలేదు. అడిగితే "500 మైళ్ళకి వచ్చి మళ్ళీ బిగించుకోమని చెప్పాం కదా" అన్నారు. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. నేను వెళ్ళలేదు. తప్పు ఎవరిది ఎంత అంటే చెప్పలేను. నాది మాత్రం బాగానే ఉంది.

నాన్నకి వారం దాకా చెప్పలేదు. చెప్పాక తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "కొత్త కమాన్లు వేస్తే యూ బోల్టులు మళ్ళీ బిగించకుండా మేం లారీని లోడుకి పంపేవాళ్ళం కాదు నాన్నా. నీకు చిన్నప్పుడే చూపించానుగా" అన్నాడు. చూపించాడు. అప్పుడు నేను సోడా తాగుతూ వేరే వైపు చూస్తున్నాననుకుంటా.

ఇప్పుడు ప్రతి నట్టు మీదా, పక్కనున్న ఆర్ము మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. గీత తెగితే నట్టు కదిలినట్టు. కొండల్లోకి వెళ్ళేముందు, వచ్చాక, నెలకోసారి ఊరికే కూడా చూస్తాను. టార్క్ రెంచి సీటు కిందే ఉంటుంది. ఈ రెండేళ్ళలో ఒక్కసారే గీత జరిగింది, అదీ వెంట్రుక మందం. స్టీరింగ్ బాక్సు బిగించినచోట ఛాసిస్‌కి పగుళ్ళొచ్చాయేమో కూడా అప్పుడే టార్చి వేసి చూస్తాను. అక్కడ బోల్టులు పోయే కన్నాల్లో గొట్టాలు వెల్డింగ్ చేయించాను కాబట్టి ఇంతవరకు ఏమీ లేదు. ఆ పని చేయించకుండా వదిలేసే షాపులున్నాయి. అడిగి మరీ చేయించుకోండి.

స్టీరింగ్ గురించే ఇంకో మాట. పినియన్‌ని ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకి కూడా శక్తి పంపే గేర్ల పెట్టె) వైపు పైకి ఎత్తి పెడితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం బాగుంటుంది. కానీ ఇరుసు మొత్తం తిరుగుతుంది కాబట్టి కాస్టర్ (చక్రం పక్కకి తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. నా బండికి అదే జరిగింది. కొలిస్తే మిగిలింది దాదాపు ఒక డిగ్రీయే. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది మధ్యకి రాదు, మనమే తెచ్చుకోవాలి. 55 దాకా ఫర్వాలేదు. 65 దాటితే బండి రోడ్డు మీద అటూ ఇటూ పోతుంది. కమాన్ల కింద వాలుగా ఉండే చీలిక ముక్కలు వేసి కొంచెం సర్దాను. సరైన వైద్యం ఇరుసు చివర్లు కోసి, తిప్పి, మళ్ళీ వెల్డింగ్ చేయడం. ఇరుసు బండి కిందికి ఎక్కకముందే చేయిస్తే సగం ఖర్చుతో పోయేది. ఇప్పుడు మొత్తం దింపాలి. ఎప్పటికప్పుడు వచ్చే ఏడాది అనుకుంటున్నాను.

కాబట్టి ఆ వాట్సాప్ మెసేజ్‌ని కొంచెం సవరించుకోవాలి. "బెస్ట్ ఖర్చు" అన్నప్పుడు బండి వారానికోసారి కొండల్లోకే వెళ్ళేది. ఇప్పుడు నెలకోసారి. మిగతా రోజుల్లో హోమ్ డిపో, గుడి, కూరగాయలు. ఇంట్లో ఇంకో మంచి కారు ఉంది కాబట్టి నాకు నడుస్తోంది. అదొక్కటే బండి అయితే, రోజూ ఆఫీసుకి హైవే మీద 30 మైళ్ళు వెళ్ళాల్సిన మనిషైతే, నేను చెయ్యమనను. గ్యారేజి లేకపోయినా ఆలోచించుకోవాలి. మా కాలనీలో వాకిట్లో బండి విప్పితే కాలనీ అసోసియేషన్ నుంచి హెచ్చరిక ఉత్తరం వస్తుంది, నాకు రెండొచ్చాయి. చేతులకి గ్రీజు అంటితే చిరాకుపడే వాళ్ళు, చప్పుడు వింటే "తర్వాత చూద్దాం" అనే నాలాంటి వాళ్ళు కూడా ఆగడమే మంచిది. అలా కాకుండా రాళ్ళ మీదే మనసు, డబ్బు అనుకున్నదానికి రెట్టింపు పెట్టగలరు అంటే, ఇరుసు విషయంలో నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు.

నవంబరులో రాళ్ళ దారులకి పేరున్న మోయాబ్ (యూటా) వెళ్దామని నలుగురం అనుకున్నాం. నేను ట్రైలర్ మీద తెస్తానన్నాను. ఎనిమిది గంటల రోడ్డు ఆ స్టీరింగ్‌తో నడపలేను. స్పేర్ స్టడ్లు ఇంకో సెట్టు ఆర్డరు పెట్టాను, ఇంకా రాలేదు.