నాగా అంటే తెలియని యాప్

అలవాట్లు పెంచుకునే యాప్‌లలో ఏముంటుందో ఈపాటికి అందరికీ తెలుసు. పేరు రాయడం, టైము పెట్టడం, పనయ్యాక టిక్కు కొట్టడం. వాటి జోలికి పోను. అలాంటిదొకటి రెండేళ్ల పైచిలుకు వాడాక నా పేచీ అంతా ఒక్క అంకెతోనే. మంట బొమ్మ పక్కన కనిపించే 'స్ట్రీక్', అంటే వరసగా ఎన్ని రోజులు చేశామన్న లెక్క. ఒక్క రోజు తప్పితే సున్నా.

మొదటి ఆర్నెల్లు ఇదే అంకెను తెగ పొగిడి, తెలిసినవాళ్ల ఫోన్లలో కూడా యాప్ వేయించాను. ఆ పొగడ్త మొత్తం వెనక్కి తీసుకోను. మొదటి మూడు వారాలు నడకకని మనిషిని గేటు దాటించేది అదే. అంకె యాభై దాటాక మాత్రం దాని పని మారిపోతుంది. అప్పటినుంచి మనం నడక కోసం కాదు, అంకె చావకుండా ఉండటం కోసం నడుస్తాం. డేటాను ఎక్సెల్ ఫైలుగా దింపుకుంటే ఏ టిక్కు ఎన్ని గంటలకు పడిందో కూడా ఉంటుంది. నా వాటిలో దాదాపు నాలుగో వంతు రాత్రి పదకొండున్నర తర్వాత పడ్డవే. ఆ టైములో మా బెజవాడ బీఆర్టీఎస్ రోడ్డు మీద ఎవరు నడుస్తారు? డాబా మీద నాలుగు చుట్లు తిరిగి, టిక్కు కొట్టి పడుకోవడమే.

అసలు గొడవ 2024 సెప్టెంబరు 1న, ఆదివారం వచ్చింది. బుడమేరు వాగు పొంగి మా సింగ్ నగర్ మీద పడింది. కరెంటు తీసేశారు, ఫోన్లు ఒక్కొక్కటే చచ్చాయి, తాగే నీళ్లు పడవల మీద వచ్చాయి. 'రోజూ 30 నిమిషాల నడక' అన్న అలవాటు నాలుగు రోజులు నడుంలోతు నీళ్లలో ఉంది. ఫిబ్రవరి 3న మొదలై ఆగస్టు 31 దాకా తెగని లెక్క 211. అయిదో తారీఖున ఛార్జింగ్ దొరికి తెరిస్తే 0, కింద నాలుగు ఎర్ర గళ్లు. దానికి తోడు ఓ ఓదార్పు నోటిఫికేషన్: పర్లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని.

సరిచేద్దామంటే ఈ యాప్ నిన్నటి ఒక్క రోజుకే ఒప్పుకుంటుంది. 'స్కిప్' అని ఒక మీట ఉంది. అది నొక్కితే గొలుసు తెగదు. కానీ ఆ రోజు దాటకముందే నొక్కాలి. ఆగిపోయిన ఫోన్లో ఎలా నొక్కడం? పోనీ, నాలుగు రోజులు పోతే పోయాయి. ఆ సున్నా వల్ల మిగతా సెప్టెంబరు కూడా పోయింది, అదీ కడుపుమంట. బురద ఎత్తి రోడ్లు ఆరాక కూడా, మళ్లీ 1 నుంచా అనిపించి షూ వేయబుద్ధి కాలేదు. తమాషా ఏమిటంటే అదే యాప్‌లో, రెండు స్క్రీన్లు లోపల, శాతం లెక్క ఉంది. 215 రోజుల్లో 211 అంటే 98 శాతం. వివరాలు అవే. ఒకచోట సున్నా, ఒకచోట 98. ముందు కనపడేది సున్నా.

వంటింటి గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడే ప్రతి ఇంట్లోనూ ఇంతకంటే తెలివైన లెక్క ఉంది. పాలు పోయని రోజు గడిలో ఇంటూ కొడతాం. అది నాగా. నెలాఖరున నాగాలు తీసేసి డబ్బులిస్తాం. మూడు నాగాలు పడ్డాయని నెలంతా పాలే రాలేదని ఎవరూ అనరు. ఈ యాప్ చేసినవాళ్లకు నాగా అన్న మాటే తెలిసినట్టు లేదు.

పరిశోధన కూడా పాల లెక్క వైపే ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని 12 వారాలు గమనించి 2009లో బయటపెట్టిన ఫలితాల్లో, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి పట్టే కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనా వచ్చింది. మధ్యస్థం, అంటే వరసలో నడిమి అంకె, 66. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. యాప్ మాత్రం '21 రోజుల సవాలు' అని బంగారు పతకం ఇస్తుంది. ఆ 21 మాట 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ రాసినది. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులన్నాడాయన. 'కనీసం' రాలిపోయి అంకె మిగిలింది. మాల వేసుకున్న 41 రోజులూ సిగరెట్ ముట్టని మనిషి, మాల తీసిన మర్నాడే కిళ్లీకొట్టు ముందు కనపడటం బెజవాడలో కొత్తేం కాదు. రోజుల లెక్క పూర్తయింది. కానీ ఆ రోజుల్లో చుట్టూ ఉన్న ఎర్రబట్ట, చన్నీళ్ల స్నానం, 'భవానీ' అన్న పిలుపు అన్నీ ఒక్కసారే పోయాయి.

ఇన్ని తిట్టి ఇంకా ఎందుకు వాడుతున్నానంటే, సెట్టింగుల్లో దీన్ని చాలావరకు దారికి తేవచ్చు. అన్నిటికంటే పనికొచ్చింది 'రోజూ' తీసేసి 'వారానికి 5 సార్లు' పెట్టడం. అప్పుడు గొలుసు వారాల్లో లెక్కపడుతుంది, రెండు నాగాలు ముందే చేతిలో ఉంటాయి. రోజు మారే సమయాన్ని అర్ధరాత్రి నుంచి తెల్లవారి 3 గంటలకు జరపాలి. అలవాటు పేరు 'అరగంట నడక' అని కాకుండా 'షూ వేసుకుని గేటు దాటడం' అని రాసుకోవాలి. దాటాక అరగంట దానంతటదే అవుతుంది, కాని రోజున అబద్ధపు టిక్కు అక్కర్లేదు. మొదటి వారం ఉత్సాహంలో ఏడు అలవాట్లు ఎక్కిస్తాం. రెండుకు మించి పెడితే పదో రోజుకు జాబితా చూడాలంటేనే విసుగు.

రిమైండర్ల మీద నాకు నమ్మకం పోయింది. ఫోన్ బ్యాటరీ ఆదా చేయడానికి వెనక నడిచే యాప్‌ను ఆపేస్తుంది, దాంతో ఉదయం 5:30కి మోగాల్సింది ఫోన్ చేతిలోకి తీసుకున్న ఏడింటికి మోగుతుంది. యాప్ సమాచారంలోకి వెళ్లి బ్యాటరీ నియంత్రణ తీసేసి, ఆటోస్టార్ట్ (తనంతట తాను మొదలయ్యే అనుమతి) ఇస్తే సరిగ్గానే మోగుతుంది. అయినా రెండు వారాల తర్వాత చెయ్యి చదవకుండానే తోసేస్తుంది. టైముకు బదులు ఎలాగూ జరిగే పనికి కట్టాలి: కుళాయి నీళ్లు పట్టాక నడక, ఫోన్ ఛార్జింగుకు పెట్టాక రెండు పేజీల చదువు. సాయంత్రం నడక మే నెలలో ఇక్కడ సాగదు. ఏప్రిల్‌లోనే తెల్లవారికి మార్చేయాలి, లేకపోతే తప్పు ఎండది, ఎర్ర గడి మనది.

ఇదంతా ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసు, రాత్రికి ఇల్లు అన్న బతుకులకు సరిపోయే మాట. రైలు నడిపే డ్రైవర్లు, గార్డుల్లాంటి రైల్వే రన్నింగ్ స్టాఫ్‌కు 3 గంటల మార్పు కూడా చాలదు. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాకు సీజన్ నడిచే నెలల్లో వారానికి 5 ఎక్కువే, 2 పెట్టుకుని తర్వాత పెంచుకోవడం నయం. బొత్తిగా కదలని మనిషికి మొదటి నెల స్ట్రీక్ ఉండనివ్వండి, అప్పుడది పనిచేస్తుంది. తర్వాత 'హోమ్ స్క్రీన్‌లో దాచు' అన్న మీట నొక్కేయండి. కాకపోతే ఆ మీట డబ్బు కట్టినవాళ్లకే. నా చందా వచ్చే నెలతో అయిపోతుంది. కడతానో, పాల క్యాలెండర్లో ఇంకో రంగు పెన్నుతో సరిపెడతానో ఇంకా తేలలేదు.