జముకుకి శాచురేషన్: నేరుగా వేయాలా, పక్కన కలపాలా?

జముకు అనే తీగ వాద్యం మోగిస్తూ చెప్పే జానపద కథ జముకుల కథ. దాన్ని రికార్డు చేసి మిక్స్‌కి (ట్రాకుల్ని సరిచేసి కలిపే పనికి) కూర్చుంటే మొదట తగిలే చిక్కు ఇది: హెడ్‌ఫోన్స్‌లో గుండెల్లో మోగిన జముకు, ఫోన్‌లో పెట్టగానే మాయం. 80 హెర్ట్జ్ దగ్గరున్న మోతని ఆ చిన్న స్పీకరు పలకలేదు. శాచురేషన్ (ధ్వని రూపాన్ని కావాలనే కాస్త వంచే ఎఫెక్ట్) వేస్తే 160, 240, 320 దగ్గర హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతల స్వరాలు) పుడతాయి. అవి వినబడితే చాలు, అడుగు స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. కాబట్టి శాచురేషన్ కావాలి, అందులో తగువు లేదు. ట్రాక్ మీదే ఇన్సర్ట్‌గా (ధ్వని మొత్తం దాని గుండానే పోయేట్టు) వేయాలా, సెండ్ (ధ్వని నకలు) తీసి పక్క ట్రాక్‌లో వేసి అసలుదానికి కలపాలా (దీన్నే పారలల్ అంటారు) అన్నదే తేలాలి.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా గదిలో మొదటిసారి నేరుగానే వేశాను. డ్రైవ్ (శాచురేషన్ ఘాటు) పెంచేకొద్దీ మోత లావెక్కింది, ఫోన్‌లోనూ వినిపించింది. సంబరపడి వినిపిస్తే కథ చెప్పే తాత ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఏటి బాబూ, నా జముకు తడిసిపోయినట్టుందేటి?"

నిజమే. శాచురేషన్ ముందుగా నొక్కేది శిఖరాలనే. తీగ మీటిన తొలి దెబ్బ, ఆపైన బిగువు మారుతుంటే స్వరం జారే తీరు, ఈ రెండిట్లోనే జముకు ప్రాణమంతా. దెబ్బ నలిగిపోయి, తోక లావెక్కి, రెండూ ఒకే ఎత్తుకొచ్చేశాయి. రికార్డింగప్పుడు ఆపడం మరిచిపోయిన ఫ్యాను రొద కూడా దాంతోపాటే పైకి తేలింది.

పారలల్‌లో అసలు ట్రాక్‌ని ముట్టుకోను. సెండ్ ట్రాక్‌లో మొహమాటం లేకుండా డ్రైవ్ తిప్పి, ఆ తర్వాత ఫిల్టరుతో 150 నుంచి 1500 హెర్ట్జ్ వరకే ఉంచుతాను. ఫేడరు (ట్రాక్ వాల్యూమ్ మీట) అట్టడుగు నుంచి ఎత్తుతూ, ఫోన్‌లో జముకు తెలిసిన చోట ఆపి, ఒక పిసరు వెనక్కి. దెబ్బ అసలు ట్రాక్ ఇస్తుంది, ఒళ్ళు పక్క ట్రాక్ ఇస్తుంది.

ఇందులోనూ మోసం ఉంది. ఒకే ధ్వని రెండు ట్రాకుల్లో సరిసమానంగా కలిస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పెద్దగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. అంత మేర తగ్గించి పోల్చకపోతే మనల్ని మనమే బోల్తా కొట్టించుకుంటాం. ఇంకోటి, ఫిల్టరు ఫేజ్‌ని (ధ్వని అలల వరసని) కదుపుతుంది. పక్క ట్రాక్ కలపగానే అడుగు పల్చబడితే పోలారిటీ తిప్పి (అలని తలకిందులు చేసి) వినండి. ప్లగిన్‌లోనే (ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్‌లోనే) అసలు ధ్వనినీ శాచురేషన్‌నీ పాళ్ళలో కలిపే మిక్స్ నాబ్ ఉంటే అదీ పారలలే, కాకపోతే ఈ ఫిల్టరు పని అక్కడ కుదరకపోవచ్చు.

గొంతుకి మాత్రం నా ఓటు ఇన్సర్ట్‌కే. గుసగుస నుంచి కేక దాకా వెళ్ళే గొంతులో శిఖరాలు కాస్త నలగడమే నాకు కావాలి. పాత టేప్ రికార్డరు తరహా శాచురేషన్, చాలా కొంచెం.

తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యానిది వేరే సంగతి. రొమ్ము మీద కట్టుకుని వాయించే గుళ్ళు, కాళ్ళకి గజ్జెలు, అన్నీ ఒకే మైకులో పడతాయి. 44.1 కిలోహెర్ట్జ్ సెషన్‌లో గజ్జెల 9 కిలోహెర్ట్జ్‌కి మూడో హార్మోనిక్ 27 దగ్గర పుట్టాలి, 44.1లో సగం దాటితే చోటు లేక 17.1కి మడత పడుతుంది. అది గజ్జె కాదు, గాజుపెంకు. ఓవర్‌శాంప్లింగ్ (ప్లగిన్ లోపల ఎక్కువ శాంపుల్ రేటులో లెక్కించడం) పెట్టడం ఒక దారి. సెండ్‌లో శాచురేషన్‌కి ముందే పై భాగం కోసేయడం ఇంకో దారి, నేను చేసేది అదే.

ఒకే శాచురేషన్ ట్రాక్‌కి గొంతూ జముకూ వంత పాటా అన్నీ పంపేద్దామనిపిస్తుంది, సీపీయూ కలిసొస్తుందని. వద్దు. 400, 500 కలిసి అందులోకి వెళ్తే 100, 300, 600, 900 కూడా పుడతాయి, ఎవరూ పాడని స్వరాలు. దేనికి దానికే సెండ్ పెట్టుకోండి.

సంబరంలో (ఊరి జాతరలో) వేయడానికి మైకుసెట్టు వాళ్ళకిచ్చే కాపీలో మాత్రం పక్క ట్రాక్ మ్యూట్ చేసి ఇస్తాను. వాళ్ళ హారన్ స్పీకర్లు చేసే శాచురేషనే చాలు.