హెచ్1బి, కెనడా పీఆర్, జర్మనీ బ్లూ కార్డ్: స్థిరపడాలంటే ఏది మేలు?

పెళ్లి సంబంధాల బయోడేటాల్లో ఈ మధ్య గోత్రం, నక్షత్రం పక్కనే ఇంకో లైన్ కనిపిస్తోంది: "హెచ్1బి, ఐ-140 అప్రూవ్డ్". అంటే అమెరికా ఉద్యోగ వీసా ఉంది, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్ ఆమోదమైంది అని. ఆడపిల్లవాళ్లు ఊరికే అడగడం లేదు. జీతం ఎంతన్నది ఒక లెక్క, అక్కడ ఉండే హక్కు ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో లెక్క అని వాళ్లకు బాగా తెలుసు. వెళ్లాలనుకునే కుర్రాళ్లే చాలామంది ఇంకా మొదటి లెక్క దగ్గరే ఆగిపోతున్నారు. బీటెక్ చదివి, అయిదారేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, వెళ్తే అక్కడే స్థిరపడాలనుకునే మనిషికి అమెరికా హెచ్1బి, కెనడా పీఆర్ (శాశ్వత నివాసం), జర్మనీ బ్లూ కార్డ్ (చదువుకున్న ఉద్యోగులకిచ్చే నివాస పర్మిట్)లలో ఏది మేలో చూద్దాం.

జీతం విషయంలో అమెరికాకు ఎదురులేదు, అక్కడ వాదన అనవసరం. ఇబ్బంది అంతా ఆ తర్వాతే. హెచ్1బి ఏటా 65,000 మందికి, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, లాటరీ. తగిలితే అక్టోబర్ 1 నుంచి పని. 2025 సెప్టెంబర్ 21 నుంచి ఇంకో మెలిక వచ్చింది. అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. మాదాపూర్‌లో కూర్చున్న మనిషి కోసం అంత సొమ్ము పోసే కంపెనీ ఎక్కడుంటుంది? అక్కడే ఎంఎస్ చేసి, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేయడానికిచ్చే అనుమతి) నుంచి హెచ్1బికి మారేవాళ్లకు ఆ ఫీజు లేదు. కాబట్టి ఈ దారి ఇప్పుడు ప్రధానంగా అప్పు చేసి చదువుకోవడానికి వెళ్లేవాళ్లది. మన కంపెనీయే ఎల్-1 (తన అమెరికా ఆఫీసుకు బదిలీ చేసే వీసా) మీద పంపిస్తే లాటరీ గొడవ ఉండదు, జీవితభాగస్వామి కూడా వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లకిచ్చే ఎల్-1బి అయిదేళ్లు, మేనేజర్లకిచ్చే ఎల్-1ఎ ఏడేళ్లు. ఆపైన కథ మళ్లీ గ్రీన్ కార్డు దగ్గరికే వస్తుంది.

గ్రీన్ కార్డుకు పెర్మ్ (కార్మిక శాఖ అనుమతి), ఐ-140 (కంపెనీ పిటిషన్), ఐ-485 (మన సొంత దరఖాస్తు) అని మూడు మెట్లు. పెర్మ్ వేసిన తేదీయే మన ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన స్థానం. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. ఫలితం ఏమిటంటే, 2025 చివర్లో వీసా బులెటిన్ (ఏ తేదీవాళ్ల వంతు వచ్చిందో నెలనెలా చెప్పే పట్టిక) తెరిస్తే ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగాల కోటాలో రెండో, మూడో విభాగాలు) ఇండియా తేదీలు ఇంకా 2013లోనే ఉన్నాయి. ఇవాళ పెర్మ్ వేసిన మనిషి అప్పటి నుంచి ఎదురుచూస్తున్నవాళ్లందరి వెనక నిలబడాలి. ఐ-140 ఉంటే హెచ్1బి ఆరేళ్ల గడువు దాటాక కూడా పొడిగించుకుంటూ పోవచ్చు, అది నిజమే. కానీ ఉద్యోగం పోతే 60 రోజుల్లోపు ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. ఇంటి లోను, పిల్లల స్కూలు, అన్నీ ఆ 60 రోజుల మీద ఆధారపడి ఉంటాయి. ఇండియాలో పుట్టి తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలు, గ్రీన్ కార్డు రాకముందే 21 దాటితే డిపెండెంట్ లెక్కలోంచి జారిపోయి సొంతంగా స్టూడెంట్ వీసా తీసుకోవాలి.

ఈ క్యూ పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. కెనడా పౌరసత్వం తీసుకుని అక్కడి నుంచి అమెరికా వెళ్తే టీఎన్ (కెనడా పౌరులకు దొరికే పని అనుమతి) మీద పని దొరకవచ్చు గానీ, గ్రీన్ కార్డుకు మళ్లీ ఇండియా లైనే. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే మాత్రం ఆ దేశం లైన్‌లోకి మారవచ్చు. తల్లిదండ్రులు కువైట్‌లో ఉండగా అక్కడ పుట్టిన కడప అమ్మాయిని చేసుకున్నవాడి అదృష్టమే అదృష్టం. బయోడేటాలో ఆ సంగతి ఇంకా ఎవరూ రాయడం లేదు!

కెనడా పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. కంపెనీతో పని లేకుండా మనమే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ప్రొఫైల్ పెట్టుకుంటాం, పాయింట్లు వస్తే పీఆర్‌తోనే విమానం దిగుతాం. పెళ్లి కాని, 33 ఏళ్ల బీటెక్ కుర్రాడిని తీసుకుందాం. వయసుకు 88, డిగ్రీకి 120. ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడింట్లో ఏడేసి వస్తే భాషకు 124. మూడేళ్లకు పైబడిన అనుభవం, ఆ ఇంగ్లిష్ కలిపి 50, డిగ్రీ, ఇంగ్లిష్ కలిపి ఇంకో 25. మొత్తం 407. అదే 29 ఏళ్లకు పెట్టి ఉంటే వయసుకే 110 వచ్చేవి, అయినా 429 దగ్గరే ఆగేవాడు. 2025లో కెనడా అనుభవం ఉన్నవాళ్ల డ్రాలే (ఆహ్వానాలకు పెట్టే కటాఫ్‌లు) 500 పైన నడిచాయి. జాబ్ ఆఫర్ చూపిస్తే కలిపే పాయింట్లను కూడా 2025 మార్చిలో తీసేశారు. ఏదైనా ప్రావిన్సు నామినేట్ చేస్తే 600 పాయింట్లు కలుస్తాయి. అది దొరకడం ఇప్పుడు ఆషామాషీ కాదు.

మనవాళ్లు పట్టించుకోని తలుపు ఇంకోటి ఉంది, ఫ్రెంచ్. అదే 407 కుర్రాడు టెఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ ఏడో స్థాయి తెచ్చుకుంటే రెండో భాషకు 12, అదనంగా 50 కలిసి 469 అవుతుంది. 2025లో ఫ్రెంచ్ డ్రాలు చాలాసార్లు 450 లోపే ఆగాయి. ఆ స్థాయి రావాలంటే ఏడాది, ఏడాదిన్నర గట్టిగా కూర్చోవాలి. కన్సల్టెన్సీకి పోసే లక్షల్లో కొంత ఫ్రెంచ్ ట్యూషన్‌కు పెట్టడం నా దృష్టిలో ఎంతో నయం. అనుభవం లెటర్లు "మేం చూసుకుంటాం" అనే కన్సల్టెన్సీల జోలికి అసలు పోవద్దు. తప్పుడు పత్రమని తేలితే కెనడా అయిదేళ్లు తలుపు మూసేస్తుంది. అన్నట్టు, పీఆర్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఉన్నట్టు కాదు. దిగాక వెతుక్కోవడం మన తిప్పలే, మొదటి ఏడాది చేతిలో డబ్బు కదలడం కష్టం.

జర్మనీకి ముందు ఆఫర్ లెటర్ కావాలి, లాటరీ లేదు. 2026కి బ్లూ కార్డ్ కనీస జీతం ఏడాదికి 50,700 యూరోలు, ఐటీ లాంటి కొరత వృత్తులకు సుమారు 45,934. డిగ్రీకి అక్కడ గుర్తింపు ఉందో లేదో అనాబిన్ అనే డేటాబేస్‌లో చూసుకోవాలి. మన కాలేజీలు చాలావరకు అనుబంధ కాలేజీలే కాబట్టి కాలేజీ పేరు కొట్టి దొరకలేదని కంగారు పడకండి, పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరుతో వెతకండి. బ్లూ కార్డ్‌తో పనిచేసి పెన్షన్ చందాలు కడుతుంటే, జర్మన్ ఏ1 (ప్రాథమిక స్థాయి) వస్తే 27 నెలలకు, బీ1 (మధ్య స్థాయి) వస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అమెరికాలో అంత సమయం ఒక్కోసారి ఐ-140 చేతికి రావడానికే పడుతుంది. పౌరసత్వానికి అయిదేళ్లు. మూడేళ్లకే ఇచ్చే పద్ధతిని 2025 అక్టోబర్‌లో ఎత్తేశారు.

జర్మనీలో బాధలు వేరే రకం. జీతంలోంచి పన్ను, బీమా, పెన్షన్ పోయాక చేతికొచ్చేది చూసి అమెరికాలో ఉన్న బ్యాచ్‌మేట్‌తో పోల్చుకుంటే ఏడుపొస్తుంది. మ్యూనిక్‌లో అద్దె ఇల్లు దొరకడం ఒక యజ్ఞం. ఫారినర్స్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి కాచుకోవాలి. ఆఫీసులో ఇంగ్లిష్ నడిచినా డాక్టర్ దగ్గర, ఇంటి ఓనర్ దగ్గర జర్మన్ లేకపోతే ఒకరిని తోడు తీసుకెళ్లాలి. కానీ భార్య లేక భర్త వచ్చేముందు జర్మన్ పరీక్ష రాయక్కర్లేదు, వచ్చిన వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చు. అమెరికాకు హెచ్-4 (హెచ్1బి ఉన్నవాళ్ల జీవితభాగస్వామికిచ్చే వీసా) మీద వెళ్లిన మనవాళ్ల అమ్మాయిలు పనిచేయాలంటే భర్త ఐ-140 అయ్యేదాకా ఆగాలి. ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఈ ఒక్క తేడాతోనే జీతాల లెక్క చాలావరకు తారుమారవుతుంది.

ఆస్ట్రేలియా కూడా పాయింట్ల మీదే నడుస్తుంది. 65 ఉంటే అర్హత మాత్రమే, ఆహ్వానానికి అంతకంటే చాలా కావాలి. అనుభవంలో కొన్నేళ్లు అక్కడి మదింపు సంస్థ కోసేస్తుంది. కెనడా కుదరనివాళ్లు ఒకసారి లెక్క వేసుకుని చూడవచ్చు, అంతే.

ఊళ్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కెనడా పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదేళ్లలో 730 రోజులు అక్కడుంటే చాలు. నాన్నకు ఒంట్లో బాగోలేకపోతే ఏడాది వచ్చి ఉన్నా పోయేదేమీ లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఏడాది దాటి బయట ఉండాలంటే ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. జర్మన్ శాశ్వత నివాసం మామూలుగా ఆరు నెలలు దాటి బయట ఉంటే చాలు, చిక్కులో పడుతుంది. పెద్దవాళ్లే రావాలంటే కెనడా సూపర్ వీసా మీద ఒక్కసారికి అయిదేళ్ల దాకా ఉండవచ్చు.

నన్నడిగితే, స్థిరపడటమే లక్ష్యమైన ముప్పై దాటిన దంపతులకు జర్మనీ మేలు, జర్మన్ నేర్చుకునే ఓపిక ఉంటేనే సుమా. 29 లోపువాళ్లు, భాషలు త్వరగా పట్టుబడేవాళ్లు ఫ్రెంచ్‌తో కెనడా చూడండి. అమెరికాను సంపాదనకు వెళ్లే చోటుగా చూడండి. పదేళ్లు పనిచేసి, అప్పు తీర్చుకుని, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగి రావడానికి మనసు సిద్ధంగా ఉంటే అంతకు మించినది లేదు. గ్రీన్ కార్డు వస్తుందన్న లెక్కతో అక్కడ ఇల్లు కొనేముందు మాత్రం ఒకసారి వీసా బులెటిన్ తెరవండి.

ఎక్కడైనా పీఆర్‌తో భారత పాస్‌పోర్టు పోదు, పౌరసత్వం తీసుకుంటేనే పోతుంది. తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకిచ్చే జీవితకాల వీసా లాంటిది) వస్తుంది. ఓసీఐలు ఇక్కడ పొలం కొనకూడదు. పాస్‌పోర్టు మారకపోయినా ఎన్నారై అయితే అదే నియమం. తాత, తండ్రుల నుంచి వచ్చే పొలానికి అడ్డేమీ లేదు కాబట్టి, ఊళ్లో భూమి పంపకాలు, పట్టాదారు పాస్‌బుక్‌లో పేర్ల మార్పులు లాంటివి విమానం ఎక్కకముందే పెద్దవాళ్లతో కూర్చుని తేల్చుకోండి.